మోత పెట్టే పంపు బలమైన పంపు కాదు

అమెరికాలో డీజిల్ పికప్ ట్రక్కులకు మార్పులు చేయించుకునేవాళ్ల మధ్య ఒక నమ్మకం పాతుకుపోయింది. ఇంజిన్ బలం పెంచితే డీజిల్ తోడే పంపును కూడా దొరికినంత పెద్దది పెట్టాలి. పెద్ద పంపు అన్నాక మోత తప్పదు. పైగా ఆ మోత మంచిదేనట. సీటు కింద నుంచి గుయ్‌మని వినిపిస్తున్నంతసేపూ పంపు బతికే ఉందని డ్రైవరుకు ధైర్యమట. విడిభాగాలు అమ్మేవాళ్లూ బిగించేవాళ్లూ ఇదే చెబుతారు. కొత్త పంపు వేయించుకున్న మర్నాడే వచ్చి ఈ గోల ఏమిటని అడిగిన యజమానికి, డీజిల్ బండి కొన్నాక చప్పుడు గురించి అడగకూడదన్న జవాబే దొరుకుతుంది.

ఆ జవాబుతో సరిపెట్టుకోవడం ఖరీదైన పొరపాటు. పంపు చేత మోత పెట్టించేదీ, దాన్ని త్వరగా చంపేదీ చాలా బళ్లలో ఒకటే కారణం. డీజిల్ సరిగా అందక పంపు ఇబ్బంది పడుతూ ఉంటుంది, లేదా తప్పు చోట, తప్పు తీరున బిగించి ఉంటుంది. సరైన సైజు పంపును సరైన చోట, సరైన పైపుతో బిగిస్తే చప్పుడు తగ్గుతుంది, మన్నికా పెరుగుతుంది. నిశ్శబ్దం కావాలా నమ్మకం కావాలా తేల్చుకోమని కొనుగోలుదారును నిలదీసే దుకాణదారు లేని పోటీని సృష్టిస్తున్నాడు.

ఇక్కడ మాట్లాడుతున్నది లిఫ్ట్ పంపు గురించి. డీజిల్ బండిలో సాధారణంగా రెండు పంపులుంటాయి. ఇంజిన్‌ను ఆనుకుని ఉండి వేల పీఎస్ఐ ఒత్తిడితో డీజిల్‌ను ఇంజెక్టర్లకు కొట్టేది ఇంజెక్షన్ పంపు. ట్యాంకు నుంచి డీజిల్ తెచ్చి దానికి అందించేది లిఫ్ట్ పంపు. మన లారీ మెకానిక్‌లు దీన్నే ఫీడ్ పంపు అంటారు. ఇంజెక్షన్ పంపుకు డీజిల్ ఇంధనం మాత్రమే కాదు. చాలా రకాల్లో దాని లోపలి భాగాలను చల్లబరిచేదీ, ఒరుసుకోకుండా కాపాడేదీ ఆ డీజిలే. ఫీడ్ పంపు తడబడితే వెయ్యి డాలర్లకు పైబడిన ఇంజెక్షన్ పంపు వేడెక్కి, అరిగి, మూలన పడుతుంది. లిఫ్ట్ పంపు ఎంపిక మీద ఇంత వాదన జరగడం న్యాయమే. జరుగుతున్న వాదనే దారి తప్పింది.

పెద్ద పంపు మోజు ఎక్కడ పుట్టిందో చూస్తే దాని లోపం కూడా అక్కడే తెలుస్తుంది. డాడ్జ్ కంపెనీ 1989 మోడల్ నుంచి తన ర్యామ్ పికప్‌లో కమిన్స్ వారి 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ పెట్టింది. ఈ ఇంజిన్ మనకూ పాత చుట్టమే. 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ సంస్థ జంషెడ్‌పూర్‌లో తయారుచేసి టాటా లారీలకు అందించినది ఈ కుటుంబానిదే. 1998 వరకు ర్యామ్‌లో లిఫ్ట్ పంపుకు కరెంటుతో పనే లేదు. ఇంజిన్ క్యామ్‌షాఫ్ట్ దాన్ని నడిపేది. 1994లో బాష్ వారి పీ7100 ఇంజెక్షన్ పంపు వచ్చినప్పుడు దానికి తోడుగా పిస్టన్ రకం లిఫ్ట్ పంపు వచ్చింది. ఇంజిన్ వేగం పెరిగితే ఇదీ వేగంగా ఆడుతుంది, తగ్గితే తగ్గుతుంది. బలం పెంచడానికి అమెరికన్లు అన్నిటికన్నా ఎక్కువగా వెతుక్కునే పాత ఇంజిన్లలో పీ7100 పంపున్న ఈ ఇంజిన్ ఒకటి. ఆ బళ్లలో లిఫ్ట్ పంపు మోత అనే ఫిర్యాదే వినిపించదు.

1998 మధ్యలో ఇరవై నాలుగు వాల్వుల ఇంజిన్ వచ్చింది. దానితో ఎలక్ట్రానిక్ అదుపులో నడిచే బాష్ వీపీ44 ఇంజెక్షన్ పంపూ, కరెంటుతో నడిచే చిన్న లిఫ్ట్ పంపూ వచ్చాయి. ఆ చిన్న పంపును ఇంజిన్ బ్లాకుకే బిగించారు. పైనుంచి వేడి, పక్కనుంచి వణుకు, ట్యాంకేమో అల్లంత దూరాన. అది చప్పుడు చేయకుండా చచ్చిపోయేది. బండి నడుస్తూనే ఉండేది, ఎందుకంటే వీపీ44 కొంతకాలం తనే పీల్చుకుని నెట్టుకొస్తుంది. ఆ కొంతకాలంలోనే దాని లోపలి భాగాలు అరిగిపోతాయి. డాష్‌బోర్డు మీద దీపం వెలిగి, కంప్యూటర్‌లో పీ0216 కోడ్ పడేసరికి పని ముగిసి ఉంటుంది. ఇలా దెబ్బతిన్న యజమానులు ఎందరో. మోత పెట్టని పంపును నమ్మకూడదన్న భయం వాళ్లకు నిజమైన అనుభవం నుంచి వచ్చింది. దాన్ని చులకన చేయనక్కర్లేదు.

అయితే ఆ పంపు చావుకు అది నిశ్శబ్దంగా ఉండటం కారణమా? కంపెనీ తర్వాత ఏం చేసిందో చూస్తే జవాబు తెలుస్తుంది. 2005 మోడల్ నుంచి ర్యామ్‌లో లిఫ్ట్ పంపును ట్యాంకులోకి మార్చారు. అంతకు ముందటి 2003, 2004 బళ్లలో ఇంజిన్ మీద ఉన్న పంపు చెడితే దాని స్థానంలోనూ ట్యాంకు పంపునే అమర్చారు. అంటే మారింది ముఖ్యంగా చోటు. డీజిల్‌లో మునిగి ఉన్న మోటారు చల్లగా ఉంటుంది, దూరం నుంచి పీల్చుకోవలసిన అవసరం ఉండదు, చప్పుడును చుట్టూ ఉన్న డీజిలే మింగేస్తుంది. పాత పంపు చప్పుడు లేకుండా పోయేదన్నది నిజం. పోయిన సంగతి యజమానికి తెలియకపోవడానికి కారణం డ్రైవరు ముందు ఒత్తిడి చూపే గేజ్ లేకపోవడం. ఆ గేజ్ చేయవలసిన పనిని చెవికి అప్పగించినందువల్లే ఇన్నేళ్ల గందరగోళం. మోటారు తిరుగుతుంటే చెవికి చప్పుడు వినిపిస్తుంది. అది గాలిని తోడుతోందో డీజిల్‌ను తోడుతోందో చెవి చెప్పలేదు.

జనరల్ మోటార్స్ కథ మరో కోణం చూపిస్తుంది. 2001లో వచ్చిన డ్యూరామాక్స్ ఇంజిన్ నుంచి 2016 దాకా షెవర్లే సిల్వరాడో, జీఎంసీ సియెరా పెద్ద పికప్‌లకు అసలు కరెంటు లిఫ్ట్ పంపే లేదు. ఇంజెక్షన్ పంపే వెనకనున్న ట్యాంకు నుంచి పైపు పొడవునా డీజిల్‌ను లాక్కోవాలి. పీల్చే పైపులో పీడనం బయటి గాలి కంటే తక్కువ. అందుకే ఎక్కడైనా రబ్బరు రింగు ఎండిపోయినా, జాయింటు వదులైనా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది. నేల మీద చుక్క పడదు. పొద్దున్నే స్టార్ట్ కావడానికి మాత్రం బండి మొరాయిస్తుంది, ఫిల్టరు మీదున్న చేతి ప్రైమర్ నొక్కి నొక్కి వేలు నొప్పి పుడుతుంది. డీజిల్ లైనులో గాలి పట్టిందంటూ రోడ్డు పక్కన నట్టు వదులుచేసి గాలి తీసిన లారీ డ్రైవరుకు ఈ బాధ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 2017లో కొత్త డ్యూరామాక్స్ వచ్చినప్పుడు ఆ కంపెనీ కూడా ట్యాంకులోనే లిఫ్ట్ పంపు పెట్టింది. పాత బండికి లిఫ్ట్ పంపు పెట్టడం తెలివైన పనే. అక్కడ కావలసింది డీజిల్‌ను వెనక నుంచి మెల్లగా నెట్టే పంపు. రేసు ట్రాక్టరుకు సరిపోయే పంపు తెచ్చి బిగించడం వల్ల అదనంగా దక్కేదేమీ లేదు.

ఫోర్డ్ 6.0 లీటర్ల పవర్ స్ట్రోక్ ఉదాహరణ ఇంకా సూటిగా ఉంటుంది. 2003 నుంచి 2007 దాకా వచ్చిన ఈ బళ్లలో ఇంధనం ఒత్తిడి 45 పీఎస్ఐ కంటే దిగితే ఖరీదైన ఇంజెక్టర్లు దెబ్బతింటాయి. దానికి విరుగుడుగా బాగా వాడుకలోకి వచ్చిన వస్తువు ఒక నీలం రంగు స్ప్రింగు. ఒత్తిడి నియంత్రించే రెగ్యులేటర్‌లో పాత స్ప్రింగు తీసి ఇది వేస్తే, ఆరోగ్యంగా ఉన్న అదే పాత పంపుతో ఒత్తిడి పెరుగుతుంది.

ఇక గ్యాలన్ల లెక్క. అట్ట పెట్టె మీద గంటకు 100 గ్యాలన్లు, 150, 200 అని పెద్ద అక్షరాలతో అంకె ఉంటుంది. యజమాని పెద్ద అంకె వైపే చేయి చాపుతాడు. ఇంజిన్ నిజంగా తాగేది ఎంత? ఈ తరహా డీజిల్ ఇంజిన్ ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 170 గ్రాముల డీజిల్ కాలుస్తుంది. 400 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తి బలంతో గంటసేపు లాగితే 68 కిలోలు, అంటే 80 లీటర్ల పైచిలుకు. అమెరికన్ గ్యాలన్లలో 21. 600 హార్స్‌పవర్ అయినా 32 గ్యాలన్ల దగ్గర ఆగుతుంది. గంటసేపు పూర్తి బలంతో లాగే పికప్ రోడ్డు మీద ఎక్కడా ఉండదు. వీపీ44 లాంటి పంపు చల్లబడటం కోసం తాను ఇంజెక్టర్లకు పంపే దానికంటే ఎక్కువ డీజిల్‌ను ట్యాంకుకు తిప్పి పంపుతుంది కాబట్టి ఈ లెక్కను మూడింతలు చేసుకోవచ్చు. అయినా 400 హార్స్‌పవర్ బండికి 100 గ్యాలన్ల పంపు మిగులుతో సరిపోతుంది. గుర్రాల ట్రెయిలర్‌నో, ఇల్లంత క్యాంపర్‌నో లాగే బండికి అంతకు మించి పెట్టినదంతా వృథా శ్రమ.

ఇక్కడ మార్పులంటే బరువు లాగడానికి చట్టం ఒప్పుకునే మార్పులే. పొగ వడపోత పరికరాలు పీకేసి బలం పెంచుకునేవాళ్ల సంగతి వేరు. అమెరికా పర్యావరణ సంస్థ 2020 నవంబరులో ఇచ్చిన అంచనా ప్రకారం పదేళ్లలో 5,50,000కు పైగా డీజిల్ పికప్‌ల నుంచి అలాంటి పరికరాలు తీసేశారు. ఊరి గాలిని పాడుచేసే ఆ పనికి ఏ పంపు మేలన్న చర్చకు ఇక్కడ చోటు లేదు.

పంపు సామర్థ్యంలో మిగులు ఎక్కువైతే నష్టమేముందని అడుగుతారు. నష్టం ఉంది. ఈ పంపుల్లో చాలావరకు గేర్ల లాంటి రోటర్లతో తిరిగే రకానివి. బండి ఇంజిన్ ఆడుతూ ఆగి ఉన్నా, కొండ ఎక్కుతున్నా అవి ఒకే వేగంతో తిరుగుతాయి. అక్కర్లేని డీజిల్‌ను రెగ్యులేటర్ పక్కదారి పట్టించి వెనక్కి పంపుతుంది. ఆ పక్కదారిలో కొంత చప్పుడు, ఆ తిరుగుడులో కొంత వేడి పుడతాయి. తిరిగి వచ్చిన డీజిల్ ట్యాంకులో జోరుగా పడితే నురగ వస్తుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు తెలియదు. పావు వంతుకు దిగగానే మలుపులో, ఎత్తులో పంపు గాలి పీల్చడం మొదలుపెడుతుంది. పావు ట్యాంకు జబ్బుగా అమెరికన్ డీజిల్ లోకానికి బాగా తెలిసిన ఇబ్బంది ఇదే. దీనికి ట్యాంకు అడుగున రంధ్రం చేసి సంప్ బిగించే వైద్యం ఒకటి ప్రచారంలో ఉంది. సైజు తగ్గిస్తే చాలా బళ్లకు ఆ రంధ్రం అవసరం రాదు.

మోత అసలు కారణం పీల్చే వైపు ఉంటుంది. ఏ పంపూ డీజిల్‌ను నిజానికి లాగలేదు. అది ఖాళీ చేసిన చోటికి బయటి గాలి పీడనం డీజిల్‌ను తోసుకొస్తుంది. సముద్రమట్టంలో ఆ పీడనం 14.7 పీఎస్ఐ. కొలరాడోలో ఐ-70 రహదారి మీద ఐసెన్‌హోవర్ సొరంగం దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే. ట్రెయిలర్ తగిలించుకుని ఆ ఎత్తు ఎక్కుతున్న బండిలో పంపుకు డీజిల్ అవసరం అత్యధికం, తోసే గాలి అత్యల్పం. సన్నని పైపులో నుంచి, ఎల్బోల మీద ఎల్బోలు దాటి, సగం మూసుకుపోయిన ఫిల్టరు గుండా పెద్ద పంపు పీలిస్తే ఏమవుతుంది? బొండంలో నీళ్లు అడుగంటినప్పుడు స్ట్రాతో పీలిస్తే వచ్చే గరగర లాంటి చప్పుడే ఇక్కడా వస్తుంది. డీజిల్‌లో కరిగి ఉన్న గాలి విడిపోతుంది, ఆవిరి బుడగలు పుడతాయి. పంపులోని ఒత్తిడి వైపుకు చేరగానే అవి పగులుతాయి. పగిలిన ప్రతిసారీ రోటర్ల లోహం మీద దెబ్బ పడుతుంది. యజమాని బలం అనుకుని వింటున్న కీచు చప్పుడులో చాలా భాగం ఆ దెబ్బలదే. పీల్చే దారి మార్చకుండా ఇంకా పెద్ద పంపు పెడితే పీల్చుడు పెరుగుతుంది, బుడగలు పెరుగుతాయి, మోతా పెరుగుతుంది.

దీన్ని కళ్లతో చూడటం కష్టమేమీ కాదు. పంపుకు డీజిల్ వచ్చే వైపు ఒక టీ జాయింటు పెట్టి వ్యాక్యూమ్ గేజ్ తగిలించాలి, బయటికి వెళ్లే వైపు ప్రెషర్ గేజ్. ఖాళీ బండి ఆడుతున్నప్పుడు రెండు ముళ్లనూ చూడాలి. తర్వాత బరువు తగిలించి ఎత్తు ఎక్కిస్తూ చూడాలి. పీల్చే వైపు ముల్లు ఎగబాకుతూ, ప్రెషర్ ముల్లు వణుకుతూ దిగుతోందంటే పంపు చిన్నదని అర్థం కాదు, దానికి డీజిల్ అందడం లేదని. అప్పుడు ఫిల్టరు మార్చి మళ్లీ చూడాలి. తర్వాత పైపు. పాత మూడు సూతల పైపు తీసి నాలుగు సూతల పైపు, అంటే అర అంగుళంది, వేస్తే అదే ప్రవాహానికి నిరోధం దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. 24 వాల్వుల ర్యామ్‌లో బోలు బోల్టుల్లాంటి బాంజో ఫిట్టింగులు మరో ఇరుకు. వాటిని తీసి నేరుగా వెళ్లే ఫిట్టింగులు వేసేసరికే ప్రెషర్ కోలుకున్న బళ్లు చాలా ఉన్నాయి. గేజ్ ఎప్పుడూ డ్రైవరు ముందు ఉండాలనుకుంటే, వీపీ44 బళ్లలో ఒత్తిడి అలలు సెన్సర్‌ను కొట్టి పాడుచేస్తాయి కనుక మధ్యలో చిన్న నీడిల్ వాల్వు పెట్టాలి. వీపీ44 దగ్గర పూర్తి బలంలో కూడా ఒత్తిడి 10 పీఎస్ఐకి దిగకూడదన్నది ఆ ఇంజిన్ల మీద పనిచేసేవాళ్లు పాటించే కనీస హద్దు.

బిగించే తీరు మీద కూడా మోత ఎంతగానో ఆధారపడుతుంది. పంపును ఇనుప పట్టీతో నేరుగా ఛాసిస్‌కు బిగిస్తే ఛాసిస్ మొత్తం దాని గొంతు అవుతుంది. రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టి, రెండు చివర్లా గట్టి పైపుకు బదులు మెత్తని గొట్టం వేసి, ఆ గొట్టం క్యాబిన్ అడుగుకు ఎక్కడా ఒరుసుకోకుండా చూస్తే అదే పంపు చప్పుడు సగానికి పైగా తగ్గినట్టు చెవికే తెలుస్తుంది. పంపు ట్యాంకుకు దగ్గరగా, వీలైనంత కిందుగా ఉండాలి. కరెంటు తీగ కూడా అంతే ముఖ్యం. పాత సన్నని తీగకు కొత్త మోటారు తగిలిస్తే దారిలోనే వోల్టేజీ పోతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో, రిలేతో వేరే లైను లాగాలి.

లైఫ్‌టైమ్ వారంటీ ఉంది కదా, భయమెందుకని వాదించేవాళ్లున్నారు. వారంటీ పంపును మారుస్తుంది. ఊరికి దూరంగా ఆగిపోయిన బండిని లాక్కొచ్చే ఖర్చునూ, ఆ పంపు వెంట పోయిన ఇంజెక్షన్ పంపునూ సాధారణంగా ఇవ్వదు. మరికొందరు పెద్ద లిఫ్ట్ పంపును బాష్ సీపీ4 ఇంజెక్షన్ పంపుకు రక్షాకవచంగా అమ్ముతున్నారు. సీపీ4 బాధ నిజమైనదే. 2019, 2020 ర్యామ్ బళ్లలో దాన్ని పెట్టిన కంపెనీ 2021లో రెండు లక్షలకు పైగా ట్రక్కులను వెనక్కి పిలిపించి పాత సీపీ3 పంపు వైపే తిరిగింది. ఆ పంపు సమస్యలో అమెరికన్ డీజిల్ జారుడుతనానికీ పాత్ర ఉంది. అరుగుదల పరీక్షలో ఐరోపా 460 మైక్రాన్ల గాటు దగ్గర గీత గీస్తే అమెరికా 520 దాకా ఒప్పుకుంటుంది. గాలి లేని, నిలకడైన సరఫరా సీపీ4కు మేలే. కానీ గంటకు ఎన్ని గ్యాలన్లు తోడినా డీజిల్ జారుడుతనం మారదు.

మరి ఏది కొనాలి? బండికి ట్యాంకు పంపు బిగించే వీలుంటే, బలం 400 హార్స్‌పవర్ లోపుంటే, ఇంజెక్షన్ పంపు దగ్గర కావలసిన ఒత్తిడి అది ఇవ్వగలిగితే అదే మొదటి ఎంపిక. నిశ్శబ్దంలోనూ మన్నికలోనూ దానికి సాటి లేదు. ఇంజెక్టర్లు, టర్బో మార్చి అంతకు మించి వెళితే ఛాసిస్ మీద బిగించే పంపు కావాలి. అప్పుడు కూడా అవసరానికి పైన కొద్ది మిగులుతో ఆగిపోవాలి. డబ్బు ఉంటే బ్రష్‌లు లేని మోటారు, వేగం తగ్గించుకునే వీలున్న పంపు తీసుకోవాలి. బ్రష్ అరిగి ఆగిపోయే ప్రమాదం ఉండదు, ఖాళీ బండి నడుస్తున్నప్పుడు పంపు పూర్తి వేగంతో తిరగనక్కర్లేదు. పెట్రోలు రేసు కార్ల కోసం పుట్టిన రోటరీ వేన్ పంపులను చవక అని డీజిల్ పికప్‌లకు బిగించే అలవాటును మాత్రం మానుకోవాలి. వాటి మోత పేరుమోసింది, నెలల తరబడి దూరాలు తిరగడానికి చేసినవీ కావు.

తయారీదారులను అడగవలసింది ఒకటుంది. పెట్టె మీద గ్యాలన్ల అంకె వేసేటప్పుడు అది ఏ ఒత్తిడి దగ్గర, ఏ వోల్టేజీ దగ్గర, పీల్చే వైపు ఎంత నిరోధం ఉంటే వచ్చిన అంకో పక్కనే వేయాలి. చప్పుడు ఎన్ని డెసిబెల్సో కూడా వేయాలి. ఎదురొత్తిడి లేకుండా బకెట్లోకి తోడించి చూసిన అంకె రోడ్డు మీద బండికి అక్కరకు రాదు. పంపు కొనబోయే యజమాని దుకాణంలో నిలబడి ఈ ప్రశ్న వేయాలి: 15 పీఎస్ఐ దగ్గర ఇది గంటకు ఎన్ని గ్యాలన్లు ఇస్తుంది? జవాబు రాకపోతే డబ్బు జేబులోనే పెట్టుకుని, ముందు రెండు గేజ్‌లు కొనుక్కుని ఇంటికి వెళ్లాలి.